చుక్కలతో ఉత్తరం రాసిన లూయీ బ్రెయిల్

గుదైబియా (బహ్రెయిన్): గల్ఫ్ పాతకాపులను కదిలిస్తే ఉత్తరాల ముచ్చట రాకుండా ఉండదు. సెల్‌ఫోన్లు లేని ఆ రోజుల్లో చదువురాని మన అన్నలు, తమ్ముళ్లు గదిలో నాలుగక్షరాలు వచ్చినవాడి పక్కన కూచుని ఇంటికి ఉత్తరం రాయించుకునేవారు. అక్కడ ఊళ్లో ఇంటావిడ దాన్ని ఇంకొకరి చేత చదివించుకునేది. మొగుడూ పెళ్లాల మధ్య మాట మరో ఇద్దరి చెవిన పడి గానీ చేరేది కాదు. అందుకే అసలు చెప్పాలనుకున్నది కడుపులోనే ఉండిపోయేది. క్షేమంగా ఉన్నాం, డబ్బు పంపాం, పిల్లలు జాగ్రత్త... ఇంతవరకే కాగితం మీదికి వచ్చేది.

మనవాళ్లకు ఆ కష్టం కొన్నేళ్లే. చూపులేని వారికి మాత్రం అది జీవితమంతా ఉండేది. తమ ఉత్తరం తాము చదువుకోలేరు. కళ్లున్నవాళ్లకు తాము రాసి పంపలేరు. ఇప్పుడు చేతిలో ఇమిడే బ్రెయిల్ నోట్‌టేకర్‌ను మొబైల్ ఫోనుకు కలిపితే ఆ అడ్డు తొలగిపోతోంది. ఇంటి నుంచి వచ్చిన మెసేజ్ వేలికొసల కింద చుక్కలై లేస్తుంది. వాళ్లు చుక్కల్లో కొట్టిన జవాబు మన ఫోన్లో మామూలు తెలుగు అక్షరాలై కనిపిస్తుంది.

ఈ రాకపోకల కోసం మొదట తపించిన మనిషి లూయీ బ్రెయిల్. చూపులేని వారికి ఆరు చుక్కల లిపి ఇచ్చిన మహానుభావుడని ఆయన పేరు అందరికీ తెలుసు. ఆ లిపి తయారయ్యాక కూడా ఆయన ఊరుకోలేదనీ, చూపులేనివాడు రాసింది చూపున్నవాడు చదవాలని ఇంకో దారి వేశారనీ తెలిసినవారు తక్కువ. ఆయన జీవితంలో ఆ రెండో పనిని కూడా పాఠకులకు చెప్పాలనే మా ప్రయత్నం.

జీనుల కొట్టులో ప్రమాదం

పారిస్‌కు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కూవ్రే అనే పల్లె ఉంది. 1809 జనవరి 4న లూయీ అక్కడ పుట్టాడు. నలుగురు పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి సిమోన్ రెనే గుర్రాలకు జీనులు, కళ్లేలు కుట్టేవాడు. తల్లి పేరు మోనిక్. ఇంటిని ఆనుకునే కొట్టు. తోలు వాసన, సుత్తి చప్పుడు మధ్య పిల్లవాడు తిరుగుతూ ఉండేవాడు.

మూడేళ్ల వయసులో నాన్నలా తనూ తోలు కుట్టాలనుకున్నాడు. తోలుకు బెజ్జాలు పొడిచే మొనదేలిన పనిముట్టు చేతికి దొరికింది. అది జారి కంట్లో దిగింది. యాంటీబయాటిక్‌లు లేని కాలం అది. గాయం చీము పట్టింది. ఆ చీము రెండో కంటికీ పాకింది. అయిదేళ్లు వచ్చేసరికి రెండు కళ్లూ పూర్తిగా పోయాయి.

ఆ రోజుల్లో చూపులేని పేదపిల్లలకు భిక్షాటనే దిక్కు. లూయీ తల్లిదండ్రులు మాత్రం పిల్లవాణ్ణి మూలన కూచోబెట్టలేదు. ఊరి ఫాదరీ జాక్ పల్వీ చేరదీసి పాఠాలు చెప్పాడు. ఊరి బడిలో చూపున్న పిల్లలతో పాటే కూచోబెట్టారు. విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకుని లూయీ ముందు వరసలో నిలిచాడు. కానీ చదవడం, రాయడం వంతు వచ్చేసరికి చేతులు ముడుచుకుని కూచోవాల్సి వచ్చేది.

పారిస్ బడి

పారిస్‌లో చూపులేని పిల్లల కోసం ఒక బడి ఉంది. వాలెంటిన్ హావీ అనే ఆయన 18వ శతాబ్దం చివర్లో దాన్ని పెట్టారు. ఇలాంటి బళ్లలో ప్రపంచంలోనే తొలివాటిలో ఒకటది. 1819లో పదేళ్ల లూయీ అక్కడ చేరాడు. భవనం పాతది, చెమ్మ పట్టినది. ఆ చెమ్మే తర్వాత ఆయన ఊపిరితిత్తులను దెబ్బతీసిందని జీవితకథ రాసినవారి మాట.

హావీ పద్ధతిలో పుస్తకాలు ఉండేవి. మామూలు అక్షరాలనే దళసరి కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చువేసేవారు. ఒక్కో అక్షరం వంకరలన్నీ వేలితో తడిమి పోల్చుకోవాలి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేంత ఆలస్యం. పుస్తకాలు మోయలేనంత బరువు. అన్నిటికంటే పెద్ద లోటు, ఆ పద్ధతిలో పిల్లలు తమంతట తాము రాసుకోవడం కుదిరేది కాదు. చదువంటే ఎవరో ఇచ్చింది పుచ్చుకోవడమే అయింది.

పన్నెండు చుక్కలు ఆరయ్యాయి

1821లో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి రూపొందించిన కొత్త రాత ఆ బడికి చేరింది. ఉబ్బెత్తు గీతలకు బదులు ఉబ్బెత్తు చుక్కలు. చుక్కను వేలు ఇట్టే పట్టేస్తుందని పిల్లలకు మొదటిసారి తెలిసింది. పైగా పలకా, మొనతేలిన కడ్డీ ఉంటే తామే రాసుకోవచ్చు.

అయితే చిక్కులూ ఉన్నాయి. ఒక్కో గుర్తులో పన్నెండు చుక్కల దాకా ఉండేవి. వేలికొస కింద గుర్తు మొత్తం ఇమిడేది కాదు. అది ఉచ్చారణను బట్టి రాసే పద్ధతి కాబట్టి స్పెల్లింగు రాదు. విరామచిహ్నాలు లేవు, అంకెలు లేవు, సంగీతం లేదు. పన్నెండేళ్ల లూయీ దీని వెంట పడ్డాడు. పగలు పాఠాలు, రాత్రి చుక్కలు. సెలవులకు ఇంటికి వెళ్లినా పలకా కడ్డీ వెంటే.

1824 నాటికి, పదిహేనేళ్ల వయసులో, పని తేలింది. నిలువుగా మూడు, అడ్డంగా రెండు, మొత్తం ఆరు చుక్కల గడి. వేలు కదపకుండానే గుర్తు మొత్తం తెలిసిపోతుంది. ఆరు చుక్కలను మార్చి మార్చి పెడితే 63 గుర్తులు. అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు, సంగీతం అన్నీ అందులో సరిపోయాయి. 1829లో, ఇరవై ఏళ్ల వయసులో, ఈ పద్ధతిని పుస్తకంగా వెలువరించారు. బార్బియేకి తాను ఎంత రుణపడిందీ అందులో దాచుకోకుండా చెప్పుకున్నారు. 1837లో మెరుగుపరచిన రెండో ముద్రణ వచ్చింది. అదే ఏడు ఫ్రాన్స్ చరిత్ర పుస్తకం ఒకటి మూడు సంపుటాలుగా ఈ లిపిలో అచ్చయింది.

అప్పటికే లూయీ ఆ బడిలోనే మేష్టారు. పిల్లలకు లెక్కలు, వ్యాకరణం, సంగీతం చెప్పేవారు. పారిస్ చర్చిలో ఆర్గన్ వాయించేవారు. తన కంటిని పొడిచిన పనిముట్టుకు తమ్ముడి లాంటి కడ్డీతోనే వేలమందికి అక్షరాల దారి పొడిచారాయన.

రెండో పని: అవతలి గట్టుకు బాట

చూపులేని వాళ్లు తమలో తాము రాసుకోవడం, చదువుకోవడం కుదిరింది. మరి ఇంట్లో అమ్మకో, ఊళ్లో అన్నకో రాయాలంటే? వాళ్లకు చుక్కలు రావు. ఉత్తరం చెప్పి రాయించాల్సిందే. వచ్చిన జవాబు చదివించుకోవాల్సిందే. చుక్కల లిపి ఎంత గొప్పదైనా చూపులేని వాళ్లను వాళ్లలో వాళ్లనే ఉంచేస్తుందేమోనన్న బెంగ లూయీకి పట్టుకుంది. ఆ లిపి మీద ఆనాటి పెద్దలు చేసిన ప్రధాన ఫిర్యాదు కూడా ఇదే. ఇది చూపున్నవాళ్లకు రాదు, కాబట్టి వీళ్లను సమాజం నుంచి విడదీస్తుందని వారి వాదన.

దానికి లూయీ మాటలతో కాదు, చేతలతో జవాబిచ్చారు. 1839లో ఇంకో పద్ధతి ప్రకటించారు. పది చుక్కల ఎత్తున్న గళ్లలో, ఏ అక్షరానికి ఏ గడిలో చుక్క పొడవాలో లెక్క కట్టి పట్టిక తయారుచేశారు. ఆ లెక్క ప్రకారం పొడుచుకుంటూ పోతే చుక్కలన్నీ కలిసి మామూలు ఫ్రెంచి అక్షరం ఆకారంలో నిలుస్తాయి. మన ఇళ్ల ముందు చుక్కలు పెట్టి ముగ్గు తీర్చినట్టన్నమాట! చూపున్నవాడు కంటితో చదువుతాడు. రాసినవాడు వేలితో తడిమి సరిచూసుకుంటాడు. మధ్యలో మూడో మనిషి అక్కర్లేదు.

ఒక్కటే ఇబ్బంది. ఒక్కో అక్షరానికి బోలెడు చుక్కలు. ఉత్తరం రాయడానికి చాలా ఓపిక కావాలి. ఇక్కడ పియేర్ ఫూకో అనే స్నేహితుడు చెయ్యేశాడు. ఆయనకూ చూపులేదు. అదే బడిలో చదివినవాడు, యంత్రాల పనిలో దిట్ట. 1840ల మొదట్లో ఆయన ఒక యంత్రం తయారుచేశాడు. మీటలు నొక్కితే చుక్కలు వరసగా పడి అక్షరం తయారయ్యేది. రెమింగ్టన్ కంపెనీ టైప్‌రైటర్లు అమెరికా మార్కెట్లోకి వచ్చింది 1874లో. అంతకు మూడు దశాబ్దాల ముందే చూపులేని ఇద్దరు స్నేహితులు చూపున్న లోకానికి సొంతంగా ఉత్తరం రాసే యంత్రాన్ని సాధించారు.

బడిలోనే అడ్డంకి

ఇంత చేసినా సొంత బడిలోనే ఆయనకు ఎదురుదెబ్బ తగిలింది. మొదటి నుంచీ ప్రోత్సహించిన డైరెక్టర్ పిన్యే 1840లో పదవి పోగొట్టుకున్నారు. తర్వాత వచ్చిన దుఫోకు చుక్కలు గిట్టలేదు. ఉబ్బెత్తు అక్షరాలే మేలని తరగతుల్లో చుక్కల లిపిని ఆపించారు. పిల్లలు ఊరుకుంటారా? చాటుమాటుగా రాసుకుంటూనే ఉన్నారు. ఒకసారి తమ చేత్తో తాము రాసుకోవడం మొదలుపెట్టాక, మానమంటే ఎవరు మానతారు!

దుఫో దగ్గర పనిచేసిన ఉప అధికారి జోసెఫ్ గ్వాదే ఇది గమనించి, పైవాడిని మెల్లగా ఒప్పించాడు. 1843లో బడి కొత్త భవనంలోకి మారింది. 1844 ఫిబ్రవరిలో జరిగిన ప్రారంభోత్సవంలో జనం ముందు చుక్కల లిపిని ప్రదర్శించారు. ఒకరు చెప్పింది పిల్లలు రాశారు, ఆ పక్కన వినకుండా ఉన్న పిల్లలు తడిమి గడగడా చదివారు. వచ్చిన పెద్దలు నోళ్లు తెరిచారు. అప్పటి నుంచి అడ్డు చెప్పేవారు తగ్గారు.

ఈలోగా లూయీ ఆరోగ్యం క్షీణించింది. 26 ఏళ్ల వయసు నుంచే క్షయ పట్టి పీడిస్తోంది. కొన్నాళ్లు పాఠాలు చెప్పడం, కొన్నాళ్లు మంచాన పడటం. 1852 జనవరి 6న, 43 ఏళ్లు నిండిన రెండు రోజులకు, ఆయన కన్నుమూశారు. అది పెద్ద వార్త కూడా కాలేదు. ఆయన గదిలో ఒక చిన్న పెట్టె ఉండేదనీ, తెరవకుండా కాల్చెయ్యమన్నారనీ, తెరిచి చూస్తే శిష్యులు ఆయనకు రాసిచ్చిన అప్పుకాగితాలు కనిపించాయనీ స్నేహితులు చెప్పుకునేవారు.

ఆయన పోయిన రెండేళ్లకు, 1854లో, బడి ఆ లిపిని అధికారికంగా స్వీకరించింది. 1878లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభ దీన్నే ఎంచుకుంది. వందేళ్ల తర్వాత 1952లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఆయన అస్థికలను దేశపు మహనీయులు నిద్రించే పాంథియాన్‌కు తరలించింది. చేతులను మాత్రం కూవ్రే ఊరివాళ్లు తమ దగ్గరే ఉంచుకున్నారు. 2009లో ఆయన ద్విశతజయంతికి మన ప్రభుత్వం రెండు రూపాయల స్మారక నాణెం వేసింది. 2019 నుంచి ఐక్యరాజ్యసమితి ఏటా జనవరి 4ను ప్రపంచ బ్రెయిల్ దినంగా జరుపుతోంది.

బీరూట్‌లో కలిసిన అరబ్బీ, తెలుగు

మన తెలుగుకు ఈ చుక్కలు ఎలా వచ్చాయో కూడా గల్ఫ్‌లో ఉన్న మనం తెలుసుకోవాలి. ఒకప్పుడు మన దేశంలో ఒక్కో ప్రాంతంలో ఒక్కో చుక్కల పద్ధతి ఉండేది. అరబ్బు దేశాల్లోనూ అదే గందరగోళం. యునెస్కో పూనుకుని 1950లో పారిస్‌లో, 1951లో లెబనాన్ రాజధాని బీరూట్‌లో సమావేశాలు పెట్టింది. న్యూజిలాండ్‌కు చెందిన సర్ క్లూతా మెకంజీ దీనికి నడుం కట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుడాయన. మన డెహ్రాడూన్‌లో చూపులేని సైనికుల కోసం పనిచేసిన అనుభవం ఉంది. భారతీయ భాషలన్నిటికీ ఒకే కట్టుబాటుతో భారతీ బ్రెయిల్, అరబ్బీకి ఒకే రీతి బ్రెయిల్ అలా కుదిరాయి.

గుదైబియా వీధుల్లో నడిస్తే కొట్ల మీద అరబ్బీ, ఇంగ్లీషు బోర్డులే. అరబ్బీ కుడి నుంచి ఎడమకు, ఇంగ్లీషు ఎడమ నుంచి కుడికి. కంటికి ఏ పోలికా ఉండదు. వేలికి మాత్రం చుట్టాలే! తెలుగు అ, అరబ్బీ అలిఫ్, ఇంగ్లీషు ఏ... మూడూ ఒకే ఒక్క చుక్క. బహ్రెయిన్ అని మొదలుపెట్టే బ మూడు భాషల్లోనూ ఒకటో చుక్క, రెండో చుక్క. బ్రెయిల్‌లో అరబ్బీ కూడా ఎడమ నుంచి కుడికే నడుస్తుంది. తెలుగు గుణింతాలకు వేరే గుర్తుల బెడద లేదు. క తర్వాత ఇ పెడితే కి. కొమ్ములు, గుడులు, వత్తులతో మన పిల్లలు పడే తంటా అక్కడ చాలా తక్కువ.

నోట్‌టేకర్‌కూ ఫోనుకూ ముడి

ఇక నేటి సంగతి. నోట్‌టేకర్ అంటే చిన్న పుస్తకమంత పరికరం. పైన ఆరు చుక్కలకు ఆరు మీటలు, మధ్యలో ఖాళీకి ఒక పొడవు మీట ఉంటాయి. కింది వరసలో సన్నని పిన్నులు విద్యుత్తుతో పైకి లేస్తూ, దిగుతూ చుక్కలు చూపిస్తాయి. 1987లో అమెరికాలో వచ్చిన బ్రెయిల్ అండ్ స్పీక్ అనే పరికరానికి పిన్నుల వరస లేదు, మాట్లాడి చెప్పేది. తర్వాత పిన్నులున్న బ్రెయిల్‌నోట్, బ్రెయిల్ సెన్స్ లాంటివి వచ్చాయి. మొదట్లో ఇవి తమలో తాము పూర్తి. రాసుకున్న నోట్సు అందులోనే ఉండేది. లూయీకి పట్టుకున్న బెంగే ఇక్కడా!

స్మార్ట్‌ఫోన్లతో ఆ గోడ కూలింది. 2009లో ఐఫోన్‌లో తెర చదివి వినిపించే వాయిస్ఓవర్ వచ్చింది. మరుసటి ఏడు బ్లూటూత్‌తో బ్రెయిల్ పరికరాలను కలిపే వీలు వచ్చింది. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఉంది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి అందులోనే బ్రెయిల్ డిస్‌ప్లే సదుపాయం కలిపారు.

ఊళ్లో మనవాళ్లకు ఫోన్లోనే చెప్పి చేయించగలిగేంత తేలిక ఈ పని. ముందు నోట్‌టేకర్‌లో బ్లూటూత్ తెరిచి, టెర్మినల్ అనే పద్ధతిలో పెట్టాలి. అంటే ఆ పరికరం ఇక సొంతంగా కాకుండా ఫోనుకు తెరగా, కీబోర్డుగా పనిచేస్తుంది. ఐఫోన్ అయితే వాయిస్ఓవర్ వేసి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో వాయిస్ఓవర్, అందులో బ్రెయిల్‌కు వెళ్లి పరికరం పేరు ఎంచుకోవాలి. చాలామంది మామూలు బ్లూటూత్ జాబితాలో వెతికి దొరకలేదని వదిలేస్తుంటారు. ఆండ్రాయిడ్‌లో ముందు బ్లూటూత్‌లో జత చేసి, తర్వాత టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లో బ్రెయిల్ డిస్‌ప్లేను ఆన్ చెయ్యాలి.

ఆ తర్వాత బ్రెయిల్ పట్టికను చూసుకోవాలి. అందులో ఇంగ్లీషు ఉండి మెసేజ్ తెలుగులో వస్తే వేళ్ల కింద అర్థంలేని చుక్కలు లేస్తాయి. పరికరం పాడైందని కంగారుపడకుండా పట్టికను తెలుగుకు మార్చాలి. మీ ఫోను, మీ పరికరం తెలుగుకు పనికొస్తాయో లేదో డబ్బు పెట్టేముందే చూసుకోవడం మంచిది. చుక్కలను అక్షరాలుగా, అక్షరాలను చుక్కలుగా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఇలాంటి చాలా ప్రోగ్రాములకు ఆధారం. దాని పేరు లిబ్‌లూయీ. మన లూయీ పేరే పెట్టారు! తెలుగు పట్టిక అందులో ఉంది.

ధర మాత్రం గుండె గుభేలుమనిపిస్తుంది. పూర్తి నోట్‌టేకర్ కొన్ని లక్షల రూపాయలు. ఉత్తి బ్రెయిల్ డిస్‌ప్లే అయితే తక్కువలో దొరుకుతుంది. ఇరవై గడుల ఆర్బిట్ రీడర్ లాంటివి పేదల అందుబాటు కోసమే చేశారు. అదీ కొనలేనివారికి ఖర్చులేని దారి ఒకటుంది. ఐఫోన్‌లో 2014 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2020 నుంచి ఫోను అద్దాన్నే ఆరు చుక్కల కీబోర్డుగా వాడుకోవచ్చు. చదవడం చెవితోనే అయినా, రాయడం సొంత వేళ్లతో సాధ్యం.

వినిపించే ఫోను ఉండగా చుక్కలెందుకని కొందరు అడుగుతారు. బస్సులో ఉన్నప్పుడు బ్యాంకు పంపిన ఓటీపీ బయటికి చదివితే పదిమందీ వింటారు. ఆలి రాసిన నాలుగు మాటలు నలుగురిలో మోగకూడదు. పిల్లవాడు తెలుగు స్పెల్లింగు నేర్వాలంటే వింటే చాలదు, అక్షరం వేలికి తగలాలి. చెవి కూడా సరిగా వినిపించని వారికైతే ఆ చుక్కలే లోకం. తన సంగతి తన దగ్గరే ఉంచుకునే హక్కు అందరికీ ఉన్నట్టే వారికీ ఉంది.

గుదైబియాలో, మనామాలో, మొత్తం గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లలో చాలామంది ఇంటికి వెళ్లేటప్పుడు ఫోన్లు పట్టుకెళ్తారు. ఇంట్లోనో, చుట్టాల్లోనో, ఊరి బడిలోనో చూపులేని పిల్ల ఉంటే ఈసారి ఆ ఫోనులో వాయిస్ఓవరో, టాక్‌బ్యాకో వేసి, చుక్కల కీబోర్డు తెరిచి చేతికివ్వండి. పిల్లకు బ్రెయిల్ రాకపోతే దగ్గర్లోని అంధుల పాఠశాలలో అడగండి. నలుగురు కలిసి పోగేస్తే ఒక బడికి ఒక బ్రెయిల్ డిస్‌ప్లే బరువేమీ కాదు. తెలుగు సంఘాలు పండగల ఖర్చులో ఒక పిసరు ఇటు మళ్లించినా చాలు.

జీనులు కుట్టేవాడి కొడుకు 1839లో పట్టుపట్టింది ఇందుకే. చూపులేనివాడు తన మాట తానే రాయాలి, చూపున్నవాడు దాన్ని నేరుగా చదవాలి. ఆయన పట్టికలు, ఫూకో యంత్రం మ్యూజియాలకు చేరాయి. వారు కోరిన పని మాత్రం ఇప్పుడు మన జేబుల్లో ఉంది. వచ్చే జనవరి 4న మీకు తెలిసిన చూపులేనివారికి ఒక మెసేజ్ పెట్టి చూడండి. జవాబు వారి వేళ్ల నుంచే రావచ్చు.